యూత్ ఎక్స్‌ఛేంజ్ బాధ్యత మీ మీద పడితే ఏం చేయాలి?

జులైలో రోటరీ క్లబ్ కొత్త కమిటీలు వేసేటప్పుడు "యూత్ ఎక్స్‌ఛేంజ్ జర మీరే చూసుకోండ్రి" అని ఎవరో మీ పేరు రాసేస్తారు. వద్దనేలోపే చప్పట్లు కూడా అయిపోతాయి. యూత్ ఎక్స్‌ఛేంజ్ అంటే మన పిల్లల్ని కొన్నాళ్లు విదేశాలకు పంపడం, అక్కడి పిల్లల్ని ఇక్కడ మన ఇళ్లలో ఉంచుకోవడం. వరంగల్, హనుమకొండ లాంటి చోట ఈ పని ఎలా నడపాలో రోటరీ పద్ధతి ప్రకారం చెప్తాను.

మొదట జిల్లా యూత్ ఎక్స్‌ఛేంజ్ చైర్మన్‌కు ఫోన్ చేయండి. జిల్లా అంటే చాలా క్లబ్బులు కలిసిన రోటరీ జిల్లా, మన కలెక్టర్ జిల్లా కాదు. దానికి రోటరీ ఇంటర్నేషనల్ ధ్రువీకరణ ఉంటేనే పిల్లల్ని పంపడమైనా, రప్పించడమైనా. మీ క్లబ్ నేరుగా విదేశీ క్లబ్‌తో మాట్లాడుకుని కానిచ్చేస్తామంటే కుదరదు. ఏడాది చదువు కోసం వెళ్ళేది 15 నుంచి 19 ఏళ్ల వాళ్లు. కొన్ని రోజుల నుంచి మూడు నెలల దాకా ఉండే చిన్న ప్రయాణాలు వేరే. మొదటిసారైతే వాటితో మొదలుపెట్టడం నయం.

ఇక్కడి నుంచి పంపేటప్పుడు తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మరి ఇంటర్ ఏమైతది సార్?" నీళ్లు నమలకండి. ఏడాది పోయినట్టే అనుకుని రమ్మని చెప్పండి. పదో తరగతి అయ్యాక, ఇంటర్‌లో చేరకముందు పంపితే ఇబ్బంది తక్కువ. విమానం టికెట్, వీసా, బీమా ఖర్చు తల్లిదండ్రులదే. అక్కడ తిండి, వసతి ఆతిథ్య కుటుంబం చూసుకుంటుంది, చేతి ఖర్చుకు కొంత అక్కడి క్లబ్ ఇస్తుంది. ఇంటర్వ్యూలో పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. వెళ్ళాలన్న కోరిక ఎవరిదో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అసలు కష్టం విదేశాల నుంచి వచ్చే పిల్లలకు ఇల్లు వెతకడంలో ఉంది. మన క్లబ్బుల్లో పెద్ద బంగళా, ఏసీ గది ఉన్నాయంటే వెంటనే సరేననేస్తాం. నేనైతే సాయంత్రం నాలుగింటికి ఇంట్లో మనిషి ఉండే ఇంటికే ఓటేస్తాను. ముందు చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి వెళ్ళి చూడండి. విడి మంచం ఉందా, బాత్‌రూమ్‌కు గడియ పడుతుందా? పోలీస్ వెరిఫికేషన్, తెలిసినవాళ్ల అభిప్రాయాలు ఇంటి యజమానికే సరిపెట్టొద్దు. ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరికీ చేయించాలి, మేడ మీద గదిలో ఉండే బాబాయితో సహా. ఆయనకు కోపం వస్తుంది, రానివ్వండి. ఏడాదికి మూడు ఇళ్లు మారడం మామూలే. నాలుగోది ఒకటి చేతిలో ఉంచుకోండి.

తిండి గురించి ఎక్కువ భయపడకండి. మన చపాట మిర్చి తొక్కుతో మొదలుపెట్టమనండి. చూడ్డానికి ఎర్రగా ఉంటుంది, మంట తక్కువ.

తర్వాత కౌన్సిలర్, అంటే క్లబ్ తరఫున పిల్లకు అండగా ఉండే మనిషి. ఆ మనిషి ఆతిథ్య కుటుంబంలోవాడు కాకూడదు, పిల్ల చదివే కాలేజీ ప్రిన్సిపాల్ లాంటి అధికారం ఉన్నవాడూ కాకూడదు. నేను ఒకసారి సులువని ఆ ఇంటాయన బావమరిదికే అప్పజెప్పాను. ఆ అమ్మాయి రెండు నెలలు నోరు విప్పలేదు. ఎవరితో చెప్పినా ఇంట్లో తెలిసిపోతుందనే కదా! తప్పు నాదే.

విదేశీ అతిథి దిగిన 24 గంటల్లో ఆ సమాచారం ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. 180 రోజులకు మించిన వీసా అయితే ఎఫ్ఆర్ఆర్ఓలో, అంటే విదేశీయుల నమోదు కార్యాలయంలో, రిజిస్ట్రేషన్‌కు దిగినప్పటి నుంచి 14 రోజుల గడువు. స్వాగత సభ, శాలువా తర్వాత చూసుకోవచ్చు.

పిల్లలకు నియమాలు నాలుగు: బండి నడపొద్దు, మందు తాగొద్దు, మత్తు పదార్థాలు ముట్టొద్దు, ప్రేమలు వద్దు. మన దగ్గర మొదటిదే కష్టం. ఏదో ఒక ఇంట్లో బావ స్కూటీ తాళం చేతిలో పెడతాడు. ఇంటివాళ్లకు కూడా ఈ మాట రాతలో ఇవ్వండి. సద్దుల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గరికి పంపినా, మేడారం జాతర ఏడాదైతే అక్కడికి తీసుకెళ్ళినా, ఆ రద్దీలో ఒక్కొక్కరికి ఒక పెద్ద మనిషిని తోడివ్వండి. ప్రతి మీటింగ్‌లో పట్టుచీర కట్టించి ఫొటో దిగమనడం మాత్రం మానండి.

ఎవరైనా వేధించారని పిల్ల చెబితే ముందు ఆ ఇంట్లోంచి బయటికి తేండి. "సర్దుకుపో బిడ్డా" అనొద్దు, మీరే విచారణ చేయొద్దు. పోలీసులకు, రోటరీ జిల్లా బాధ్యులకు వెంటనే చెప్పండి, 72 గంటల్లోపు రోటరీ ఇంటర్నేషనల్‌కు తెలియాలి. ఇలాంటప్పుడు పనికొచ్చేలా, పిల్లలు దిగిన రోజే చేతికో కార్డు ఇవ్వండి. అందులో మీ నంబరు, కౌన్సిలర్‌ది, అత్యవసరానికి 112, పిల్లల సహాయానికి 1098 ఉండాలి. వాటితోపాటు రోటరీతో గానీ, ఆ ఇళ్లతో గానీ సంబంధం లేని ఒక ఆడమనిషి, ఒక మగమనిషి నంబర్లు కూడా. ఆ ఇద్దర్నీ పిల్లలు రాకముందే వెతికి ఒప్పించుకోండి.