ర్యాపర్‌ను కెమెరా ముందు కూర్చోబెట్టే ముందు

న్యూయార్క్‌లో పదకొండేళ్లుగా ర్యాపర్లను, బీట్లు (ర్యాప్ వెనక వినిపించే సంగీతం) చేసే ప్రొడ్యూసర్లను వీడియో ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు నాకు మెసేజ్ పెడితే మొదట అడిగేది ఏ కెమెరా కొనాలని. కెమెరా సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక పాట తీసుకోండి. ఆల్బమ్ మొత్తం అక్కర్లేదు, ఒక్క పాట చాలు.

నేను చేసేది ఇది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పాటలో ఒక వెర్స్‌ను, అంటే ఒక చరణాన్ని, చేత్తో కాగితం మీద రాస్తాను. నెట్‌లో లిరిక్స్ దొరుకుతాయి, అయినా రాస్తాను. రాసేటప్పుడే ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఏ మాటను కావాలని మింగేశారో, ఏ లైన్‌ను రెండోసారి రికార్డ్ చేసి అతికించారో చెవికి తెలుస్తుంది. తర్వాత వెర్స్ పక్కన పెట్టి బీట్ మాత్రమే వింటాను. అర్థం కాని చప్పుడు ఎక్కడుంటే అక్కడ గీత గీసుకుంటాను. నా ప్రశ్నలు చాలావరకు ఆ గీతల దగ్గరే పుడతాయి.

ఒకసారి న్యూయార్క్‌లోనే బ్రాంక్స్ అనే ప్రాంతంలో ఒక ప్రొడ్యూసర్ దగ్గరికి వెళ్లాను. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చిన్నతనం గురించి అడిగితే "కష్టంగా ఉండేది" అన్నాడు. మ్యూజిక్‌లోకి ఎలా వచ్చావంటే "ఫ్రెండ్స్ వల్ల" అన్నాడు. పది నిమిషాలు అలాగే గడిచాయి. అప్పుడు కాగితం చూసి, "రెండో పాటలో స్నేర్ డ్రమ్ వెనకాల బుస్సుమని ఒక శబ్దం ఉంది, అది పాత రికార్డు గరగరా, లేక మీరే కలిపారా?" అని అడిగాను. కట్టుకున్న చేతులు విడిపోయాయి. ల్యాప్‌టాప్ తెరిచి, మిగతా ట్రాకులన్నీ మ్యూట్ చేసి ఆ ఒక్కటే వినిపించాడు. అది వాళ్లమ్మ ఉండే అపార్ట్‌మెంట్‌లో చలికాలం గదిని వేడిచేస్తూ బుసకొట్టే రేడియేటర్ చప్పుడు. ఇల్లు ఖాళీ చేసే ముందు రాత్రి ఫోన్ దాని మీద పెట్టి రికార్డ్ చేసుకున్నాడట. తర్వాత ఇరవై నిమిషాలు నేను నోరు మెదపలేదు. ఆ ఇల్లు, అమ్మ, ఎందుకు ఖాళీ చేయాల్సి వచ్చిందో అన్నీ తనే చెప్పాడు. బాల్యం గురించి నేరుగా అడిగితే రాని జవాబు ఇలా వచ్చింది.

అందుకే నేను జీవితం గురించి సూటిగా అడగడం మానేశాను. ఆ ప్రశ్న వాళ్లను ఇప్పటికే యాభైమంది అడిగి ఉంటారు, యాభైమందికీ ఒకే జవాబు ఇచ్చి ఉంటారు. చేతిపని గురించి అడగండి. ఈ లైన్ మొదట ఎలా ఉండేది, ఎందుకు మార్చావు? హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) ముందు రాశావా, వెర్స్ ముందు రాశావా? ఈ పాట స్టూడియోలో ఎన్ని గంటలకు రికార్డ్ చేశారు, రూమ్‌లో ఎవరెవరు ఉన్నారు? "ఎవరెవరు ఉన్నారు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబులో సగం కథ ఉంటుంది.

ఇంకో మాట. ప్రశ్న చిన్నదిగా ఉండాలి, ఒకసారికి ఒకటే అడగాలి. మన రీసెర్చ్ అంతా చూపించాలన్న ఆరాటంలో ప్రశ్న ఉపన్యాసమైపోతుంది, ఎదుటివాళ్లు "అవును" అని ఊరుకుంటారు. వాంకూవర్‌లో క్యాంపస్ రేడియో నుంచి వచ్చిన నార్డ్‌వార్ అనే ఆయన చేసే ఇంటర్వ్యూలు చూసి చాలామంది ఆయనలా పాత రికార్డులు బహుమతిగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆయన ఇచ్చే రికార్డు చూసి ఆర్టిస్టు ఆశ్చర్యపోయేది అది ఖరీదైనదని కాదు, తన జీవితంలో ఫలానా చోటు గురించి ఎవరో ఓపికగా వెతికారని. ఆ వెతుకులాట లేకుండా రికార్డు మాత్రం కొనిస్తే ఫలితం ఉండదు.

ఎవరితో మొదలుపెట్టాలి? స్టేజీ మీద లేనివాళ్లతో. ర్యాప్‌కు పుట్టిల్లైన హిప్‌హాప్ పుట్టినరోజుగా అందరూ చెప్పుకునేది 1973 ఆగస్టు 11. బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో జరిగిన పార్టీ అది. అక్కడ రికార్డులు వేసిన డీజే కూల్ హెర్క్ పేరు అందరికీ తెలుసు. ఆ పార్టీ పెట్టింది మాత్రం ఆయన చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్, స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కావాలని. ప్రతి పాట వెనకా ఇలాంటి వాళ్లు ఉంటారు. సౌండ్ ఇంజినీర్లు, డీజేలు, కవర్ గీసినవాళ్లు, ఎవరైనా వచ్చి పాడగలిగే ఓపెన్ మైక్ నడిపేవాళ్లు. వాళ్లను ఎవరూ అడగరు కాబట్టి టైమ్ ఇస్తారు, వివరంగా చెప్తారు. నా మొదటి పన్నెండు వీడియోల్లో ర్యాపర్లు ఇద్దరే. ఒక సౌండ్ ఇంజినీర్‌ను చేసిన ఇంటర్వ్యూ చూసి, ఆయనతో పనిచేసే ర్యాపర్ తనంతట తనే ఫోన్ చేశాడు.

పెద్ద ఆర్టిస్టుల మేనేజర్‌కో, ప్రచారం చూసుకునే పబ్లిసిస్ట్‌కో మెయిల్ రాసేటప్పుడు నాలుగు లైన్లు దాటనివ్వకండి. మీరెవరు, మీ పనికి ఒక లింక్, ఏ పాట గురించి మాట్లాడాలనుకుంటున్నారు, ఎన్ని నిమిషాలు కావాలి. ఇరవై అడిగితే ఇరవైకే ఆపండి. షో అయ్యాక కలవొద్దు. అప్పటికి గొంతు పోయి ఉంటుంది, చుట్టూ జనం ఉంటారు. సౌండ్ చెక్‌కూ షోకూ మధ్య ఖాళీ దొరికితే అదే మంచి సమయం.

ఇప్పుడు పరికరాలు. చిత్రం కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం వెళ్లిపోతారు. ఇది నాకు బాగా నష్టపోయాక తెలిసింది. నా రెండో ఏడాది ఒక ర్యాపర్ జైల్లో ఉన్న తన అన్నకు రాసిన వెర్స్ గురించి మొదటిసారి నోరు విప్పాడు. యాభై నిమిషాలు మాట్లాడాడు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఇరవయ్యో నిమిషంలో కాలర్ మైక్ రిసీవర్ బ్యాటరీ అయిపోయింది. మిగిలింది కెమెరా మైక్‌లో ఏసీ హోరు. బతిమాలితే మళ్లీ వచ్చాడు, పాపం. కానీ మొదటిసారి ఆగిన చోట ఈసారి ఆగలేదు, అప్పుడు వెతుక్కుంటూ అన్న మాటలు ఇప్పుడు బట్టీపట్టినట్టు వచ్చాయి. ఆ వీడియో నేను పెట్టనేలేదు.

అప్పటి నుంచి రెండు వేర్వేరు రికార్డింగులు లేకుండా మొదలుపెట్టను. కాలర్ మైక్ ఒకటి, ఫ్రేమ్‌లో కనపడకుండా పైనుంచి ఇంకో మైక్. వేటి బ్యాటరీలు వాటికి, ప్రతిసారీ కొత్తవి. ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి, గట్టిగా నవ్వినప్పుడు కూడా మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. ర్యాపర్ మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారిగా వెర్స్ అందుకుంటే శబ్దం చటుక్కున పెరుగుతుంది, ఆ జాగా వదిలిపెట్టాలి. మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో రెండు ఆడియోలూ కలపడం తేలికవుతుంది. చివర్లో అందరినీ ముప్పై సెకన్లు మాట్లాడకుండా ఉండమని ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేసుకోండి. మాట కోసిన చోట అతుకు తెలియకుండా పూడ్చడానికి అదే కావాలి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి, ట్యూబులైట్ల కింద షటర్ వేగం 1/60 సెకను పెడితే మిణుకుమిణుకు రాదు. కెమెరా గురించి ఇంతే, మీ దగ్గర ఏది ఉంటే అదే చాలు.

ఇక అన్నిటికంటే నాకు ముఖ్యమైన సంగతి. మనం రికార్డ్ చేసేది రేపు ఎవరి చేతికి వెళ్తుందో ఆలోచించాలి. ర్యాపర్ తుపాక్ షకూర్ హత్య 1996లో జరిగితే అరెస్టు 2023లో జరిగింది. కేసు మళ్లీ కదలడానికి, నిందితుడు కొన్నేళ్లుగా బహిరంగంగా ఇచ్చిన ఇంటర్వ్యూల్లోని మాటలు ఒక కారణం. నేరం దాచమని నేను అనడం లేదు. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడు కెమెరా చూసి గొప్పకోసం అనేసిన మాట కూడా అలాగే నిలిచిపోతుంది. పాటల్ని కోర్టులో సాక్ష్యంగా వాడటంపై కాలిఫోర్నియా 2022లో ఒక చట్టం చేసి కొన్ని పరిమితులు పెట్టింది. అది కళ గురించిన చట్టం. కుర్చీలో కూర్చుని మనతో చెప్పిన మాట పాట కాదు.

అందుకని రికార్డింగ్ మొదలయ్యే ముందే చెప్తాను: ఏ ప్రశ్నకైనా జవాబు వద్దనొచ్చు, కోర్టులో ఉన్న కేసు గురించి నేను అడగను, మీరే చెప్పబోతే ఆపి లాయర్‌ను అడిగారా అంటాను. అక్కడ లేని మనిషి పేరు ఎత్తి ఆరోపణ చేస్తే, విచారించకుండా వీడియోలో ఉంచను. వ్యూస్ పోతాయి, నిజమే. అప్పట్లో న్యూయార్క్ హాట్ 97 రేడియోలో పనిచేసిన ఏంజీ మార్టినెజ్ 1996లో తుపాక్‌తో రెండు గంటలకు పైగా మాట్లాడి, ఈస్ట్ కోస్ట్, వెస్ట్ కోస్ట్ ర్యాపర్ల మధ్య నడుస్తున్న గొడవకు ఆజ్యం పోసినట్టవుతుందని అందులో కొన్ని నిమిషాలే ప్రసారం చేసింది. చేతిలో అంతటి రికార్డింగ్ పెట్టుకుని అలా ఆగడం ఎంత కష్టమో ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చున్నప్పుడల్లా తలుచుకుంటాను.

టైటిల్, థంబ్‌నెయిల్ కూడా ఇంటర్వ్యూలో భాగమే. గంట మాట్లాడినవాళ్లు నలభై సెకన్లు ఎవరినో తిడితే ఆ నలభై సెకన్లే టైటిల్‌కెక్కించొద్దు. నేను పెట్టబోయే టైటిల్‌ను వాళ్ల ముందు కూర్చుని చదవగలనా అని చూసుకుంటాను.

పాటను నేపథ్యంలో వేస్తే పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది, ఆ వీడియో ఆదాయం పాట హక్కుదారుకు పోవచ్చు. దానికంటే బీట్ లేకుండా రెండు లైన్లు పాడమని అడగండి. వినడానికీ అదే బాగుంటుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. యూట్యూబ్‌లో లాంగ్ వీడియోలతో అయితే, పూర్తిస్థాయి యాడ్ ఆదాయానికి వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లాంగ్ వీడియోల యాడ్ ఆదాయంలో మనకు 55 శాతం వస్తుంది. మొదటి నాలుగేళ్లు నేను ఇంటి అద్దె పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి కట్టాను. స్పాన్సర్ ఉంటే ఆ విషయం వీడియోలో చెప్పాలి. ఆర్టిస్టు దగ్గర డబ్బు తీసుకుని ఇంటర్వ్యూ చేయొద్దు. అది ప్రకటన అవుతుంది, చూసేవాళ్లకు రెండో వీడియోకే తెలిసిపోతుంది.

చివరిగా, ఎడిట్ చేయని రా ఫుటేజ్ చెరిపేయకండి. రాల్ఫ్ మెక్‌డేనియల్స్ 1983లో న్యూయార్క్ పబ్లిక్ టీవీలో వీడియో మ్యూజిక్ బాక్స్ మొదలుపెట్టాడు. వీధుల్లో, క్లబ్బుల్లో ఆయన తీసిన టేపులే ఆ కాలానికి ఇవాళ సాక్ష్యం. నేను మూడు కాపీలు ఉంచుతాను, రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి క్లౌడ్‌లో. ఒక హార్డ్ డిస్క్ ఇంట్లో ఉండదు. ఫైల్ పేరులో ముందు తేదీ, తర్వాత మనిషి పేరు, తర్వాత చోటు. పక్కనే ఒక నోట్‌లో ఏ నిమిషంలో ఏముందో, ఫ్రేమ్‌లో ఎవరెవరు కనపడుతున్నారో రాస్తాను. రాయడానికి గంట పడుతుంది, విసుగ్గానే ఉంటుంది.

పోయిన ఏడాది ఒక ర్యాపర్ ఫోన్ చేశాడు. ఆరేళ్ల కిందటి ఇంటర్వ్యూలో తన వెనక సోఫాలో కూర్చున్న స్నేహితుడు చనిపోయాడట. అతను నవ్వుతున్న వీడియో ఏదీ వాళ్లింట్లో లేదని చెప్పాడు. నోట్ తెరిచాను. "41వ నిమిషం, వెనక సోఫా, నీలం టోపీ, నవ్వు" అని ఉంది. పబ్లిష్ చేసిన వీడియోలో ఆ ముక్క లేదు. రా ఫైల్‌లోంచి కోసి ఆ రాత్రే పంపించాను.