టీమ్ లీడ్ పాఠాలు – 4: ‘నేను చూసుకుంటాలే’ అనే ముందు

పోయిన పాఠంలో మధ్యలో అడ్డు తగలకుండా వినడం సాధన చేశాం. విన్నాక మన నోటి నుంచి వచ్చే మొదటి మాట గురించి ఈ పాఠం.

తెలుగువాళ్ళకు ఆ మాట నాలిక చివరే ఉంటుంది: ‘నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు.’

నేనూ అన్నాను. బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ ఆఫీసులో లీడ్ అయిన మొదటి ఏడాది. మా టీమ్‌లో అనంతపురం కుర్రాడు ఒకడు మీటింగుల్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడేవాడు కాదు. ఆ రోజు కాఫీ మెషిన్ దగ్గర ఖాళీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. బటన్ నొక్కడం లేదు. ‘అన్నా, నాన్నకు పక్షవాతం వచ్చింది’ అన్నాడు. ఆ ‘అన్నా’ వినగానే నేను లీడ్‌నన్న సంగతి మర్చిపోయాను. మాటిచ్చేశాను. ఆ మధ్యాహ్నమే మెజెస్టిక్‌లో బస్సెక్కాడు.

ఎన్నాళ్ళు, ఏ పని ఎవరికి, టీమ్‌కు ఏం చెప్పాలి, ఇవేవీ మాట్లాడుకోలేదు. మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని అతని పని నేనే చేశాను. నావల్ల కానిది కారణం చెప్పకుండా మరో ఇద్దరి నెత్తిన పెట్టాను. వాళ్ళలో ఒకామె చంటిబిడ్డ తల్లి. ఆమె నోరు తెరిచి అడగలేదు కాబట్టి కష్టం లేదనుకున్నాను. అతనేమో ఆస్పత్రి వరండా నుంచి రోజూ ఫోన్ చేసి ‘సారీ అన్నా’ అనేవాడు. హక్కుగా తీసుకోవలసిన సెలవు నా దయ అయిపోయింది. అప్రైజల్ నాటికి అతని పనిలో లోపం చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1957లో ఒక సంగతి చెప్పాడు: ఎదుటివారి లోకం మనదే అన్నట్టుగా అనుభవించాలి, కానీ ఆ ‘అన్నట్టుగా’ను ఎప్పుడూ వదలకూడదు. నేను వదిలేసింది దాన్నే.

ఇప్పుడైతే ఇలా అంటాను:

‘నాన్నగారి దగ్గర నువ్వుండాలి, ఇవాళే బయల్దేరు. శుక్రవారం దాకా నీ పని టీమ్‌లో సర్దుతాను. శుక్రవారం సాయంత్రం ఫోన్‌లో మాట్లాడుకుని తర్వాత సంగతి చూద్దాం. ఇంట్లో అత్యవసరమని మాత్రం అందరికీ చెబుతాను, సరేనా?’

మొదటి వాక్యానికి షరతు లేదు, గమనించండి. రెండోదానికి గడువుంది. ‘చేస్తాను’ అనలేదు, ‘సర్దుతాను’ అన్నాను. చివరి ‘సరేనా’ను తేలిగ్గా తీసుకోకండి. కబురు అతనిది, ఎంత బయటపెట్టాలో అతనే చెప్పాలి.

నిద్ర పట్టడం లేదు, మనసు బాగోలేదు అంటే మీరు వైద్యులు కాబోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. 2022 అక్టోబరులో మొదలైన ఉచిత సేవ, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. మన బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దానికి కేంద్రం. చచ్చిపోవాలనిపిస్తోంది అన్నారంటే మాత్రం ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి, ఒంటరిగా వదలకండి. అక్కడ గుట్టు కన్నా ప్రాణం ముఖ్యం.

ఈ వారం అభ్యాసం: ఈమధ్య మీరు ‘చూసుకుంటాలే’ అన్న సందర్భం ఒకటి నోట్‌బుక్‌లో రాయండి. దాని కింద గడువు, మీ చేతిలో ఉన్న పని, ఎవరికి ఏం చెప్పాలి అన్నవి చేర్చి ఆ మాటను తిరగరాయండి. తెలుగులోనే, పైకి చదవండి. నోటికి ఎబ్బెట్టుగా తగిలిన చోట మార్చి మళ్ళీ చదవండి.

అయిదో పాఠం ఆ చంటిబిడ్డ తల్లి గురించి. అడగనివాళ్ళ కష్టం ఎలా కనుక్కోవాలో చూద్దాం.