బిజినెస్‌కి లోకల్ కొరియర్ పెట్టుకునే ముందు ఏం చూడాలి, ఏం అడగాలి

మేం గాజు లాంప్ షేడ్లు పంపుతాం, రోజుకి ముప్పై నలభై డబ్బాలు వెళ్తాయి. మొదట్లో రేట్ కార్డ్ ఒక్కటే చూసి ఒక కొరియర్‌తో మాట్లాడేస్కున్నాం. మూడో వారంలో ఒక కస్టమర్ ఫోన్ చేసి, నేను పొద్దున్నుంచి ఇంట్లోనే ఉన్నానండీ, మీ ట్రాకింగ్‌లో మాత్రం మూడు రోజులుగా కస్టమర్ అందుబాటులో లేరు అని వస్తోంది అన్నారు. కొరియర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మా అబ్బాయి వెళ్లాడండీ, తలుపు తీయలేదట అన్నారు. ఎవర్ని నమ్మాలో తెలీక ఆ వారం రిపోర్ట్ మొత్తం దించి ఎక్సెల్‌లో టైమ్ ప్రకారం పెట్టి చూశాను. ఒకే రోజు 11 పార్సిళ్లకి "అందుబాటులో లేరు" అని ఉంది, ఆ పదకొండు ఎంట్రీలూ రాత్రి 8:52కీ 9:04కీ మధ్య సిస్టమ్‌లో ఎక్కించినవే. పన్నెండు నిమిషాల్లో పదకొండు ఇళ్లకి ఎవరూ వెళ్లలేరు కదా, అంటే ఎవరూ వెళ్లలేదు, హబ్‌లో, అంటే పార్సిళ్లన్నీ చేర్చి సర్దే వాళ్ల గోడౌన్‌లో, కూర్చుని వరసగా కొట్టేశారు.

అప్పట్నుంచి నేను కొరియర్‌ని చూసే పద్ధతే మారిపోయింది. అన్నీ సవ్యంగా జరిగిన రోజు ఏ కొరియరైనా బాగానే కనిపిస్తుంది. ఒక పార్సిల్ తేడా కొట్టిన రోజు ఫోన్ ఎవరెత్తుతారు, నిజం చెప్తారా లేదా, ఎంతసేపట్లో కదులుతారు, నాకు కావాల్సింది అది. కింద చెప్పేవన్నీ దాదాపు అది ముందే తెలుసుకోవడానికి చేసేవే.

అయితే కొరియర్ల దగ్గరికి వెళ్లే ముందు మీ పార్సిళ్ల సంగతి మీకు తెలిసుండాలి. ఒక రెండు వారాల ఆర్డర్లు తీసుకుని బరువు, డబ్బా సైజు, ఏ ఏరియా, క్యాష్ ఆన్ డెలివరీయా కాదా, పగిలేదా, ఏ టైమ్‌కి చేరాలి అని ఒక షీట్‌లో రాస్కోండి. ఇది లేకుండా వెళ్తే వాళ్లు మీకు అమ్మాలనుకున్నది అమ్ముతారు. ఉంటే మాత్రం మీరే, నా పార్సిళ్లలో సగానికి పైగా ఈ నాలుగు ఏరియాలకే వెళ్తాయి, అక్కడ మీ సొంత మనుషులు ఉన్నారా అని సూటిగా అడగొచ్చు. ఈ ప్రశ్న తప్పకుండా అడగండి, ఎందుకంటే చాలా లోకల్ కొరియర్లు కొన్ని ఏరియాలకే సొంతంగా వెళ్తాయి, మిగతావి ఇంకో కొరియర్‌కో ఫ్రాంచైజీకో అప్పజెప్తాయి. చేతులు మారిన ప్రతిచోటా ట్రాకింగ్‌లో ఒక ఖాళీ వస్తుంది, పార్సిల్ పోయిందంటే ఎక్కువగా ఆ ఖాళీలోనే పోతుంది, అప్పుడు వీళ్లు వాళ్లనీ వాళ్లు వీళ్లనీ చూపిస్తారు.

తర్వాత పని, వాళ్ల హబ్‌కి ఒక సాయంత్రం వెళ్లి చూడటం. సేల్స్ మనిషి వచ్చి చెప్పేది వినడం కంటే అక్కడ అరగంట నిలబడటం మేలు. పికప్ బళ్లు వచ్చి సరుకు దిగే టైమ్‌కి వెళ్లండి. డబ్బాలు చేతికి అందిస్తున్నారా విసురుతున్నారా, దిగిన వెంటనే స్కాన్ చేస్తున్నారా లేక కుప్పగా పోసి తర్వాత చేద్దాంలే అంటున్నారా, బరువైన డబ్బాలు కిందా తేలికవి పైనా పెడుతున్నారా లేదా అన్నది కళ్లతోనే తెలిసిపోతుంది. డెలివరీ కాని పార్సిళ్ల మూల ఎక్కడుందో అడిగి మరీ చూడండి. ప్రతి హబ్‌లోనూ అది ఉంటుంది, అందులో తప్పేం లేదు, కానీ అక్కడున్న డబ్బాల మీద తేదీలు ఎంత పాతవో చూడండి, వారాల పాతవి దుమ్ము పట్టి ఉంటే రేపు మీ రిటర్న్‌లకీ అదే గతి. కుదిరితే డెలివరీ అబ్బాయిలతో రెండు మాటలు మాట్లాడండి, రోజుకి ఎన్ని పార్సిళ్లు ఇస్తారు, ఎన్నాళ్లుగా చేస్తున్నావ్ అని. అందరూ నెల కిందటే చేరినవాళ్లయితే మీ కస్టమర్ల వీధులు ఎవరికీ తెలీవు. మోయలేనంత లోడ్ వేసే చోట పైన చెప్పిన రాత్రి తొమ్మిదింటి ఎంట్రీలు తప్పవు, ఆ అబ్బాయిల తప్పు కూడా కాదది.

ఇక రేట్లు. ఇక్కడ ఎక్కువమంది మోసపోయేది కిలో రేటు దగ్గర కాదు, కిలో అంటే ఏంటి అన్న దగ్గర. కొరియర్లు అసలు బరువు, సైజు బరువు రెండూ లెక్కేసి ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. సైజు బరువంటే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, కొందరు 4000తో, కొందరు 6000తో. మా షేడ్ డబ్బా 40×30×20, అంటే 24,000. కాటా మీద పెడితే 2 కిలోలే, కానీ 5000తో భాగిస్తే 4.8 కిలోలు, 4000తో అయితే 6 కిలోలు. కిలో రేటు ఇద్దరిదీ ఒకటే అయినా బిల్లులు వేరే వేరే. పైగా డబ్బా ఉబ్బితే ఉబ్బిన చోటే కొలుస్తారు. అదే డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటీ 2 సెంటీమీటర్లు పెరిగి 42×32×22 అయ్యిందనుకోండి, 5.9 వస్తుంది, అర కిలో స్లాబుల్లో, అంటే బరువుని పై అర కిలోకి పెంచి బిల్లు వేసే పద్ధతిలో, చూస్తే 5 పోయి 6 అయిపోయింది. లోపల కాగితాలు కుక్కి కుక్కి మూత ఉబ్బేలా చేసినందుకు ఒక కిలో ఎక్కువ కట్టినట్టు. అందుకే ఎంతతో భాగిస్తారు, స్లాబ్ ఎంత, బరువు మీద గొడవొస్తే కాటా ఫొటో ఇస్తారా, ఈ మూడూ అడగండి. ఫ్యూయల్ సర్‌ఛార్జ్, దూరపు ఏరియా ఛార్జ్, రెండోసారి వెళ్తే ఛార్జ్, వెనక్కి తెస్తే ఛార్జ్ ఇవన్నీ కూడా విడివిడిగా రాయించుకోండి.

వెనక్కి తెచ్చే ఛార్జ్ మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే చవక కొరియర్ ఖరీదైపోయేది ఇక్కడే. ఒక కొరియర్ రేటు 100 అనుకుందాం, ఏ లెక్కైనా పర్లేదు, వందకి 4 వెనక్కి వస్తాయి, వెనక్కి తెచ్చినందుకూ అంతే ఛార్జ్. 104 ట్రిప్పులకి కట్టి 96 డెలివరీలు చేయించుకున్నాం, ఒక్కో డెలివరీకి సుమారు 108 పడింది. ఇంకో కొరియర్ 90కే చేస్తానన్నాడు కానీ వందకి 12 వెనక్కొస్తాయి, 112 ట్రిప్పులు ఇంటూ 90, దాన్ని 88తో భాగిస్తే సుమారు 115. పది శాతం తక్కువన్నవాడే చివరికి ఎక్కువ అయ్యాడు, ఇంకా తిరిగొచ్చిన సరుకు, మళ్లీ ప్యాకింగ్, కోపమొచ్చిన కస్టమర్ ఇవేవీ నేను లెక్కలో వెయ్యనే లేదు. కాబట్టి రేటు పక్కన పెట్టి, మొత్తం బిల్లుని చేతికందిన పార్సిళ్లతో భాగించి చూడండి.

పోయినా పగిలినా ఎంతిస్తారు అన్నది సంతకానికి ముందే చదవాల్సిన పేజీ. కొరియర్ బాధ్యత వేరు, ఇన్సూరెన్స్ వేరు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. బాధ్యతకి ఎప్పుడూ ఒక పరిమితి ఉంటుంది. ఎలా ఉంటుందో తెలియడానికి ఒకటి చెప్తాను, అంతర్జాతీయ విమాన సరుకుకి 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ముందుగా విలువ ప్రత్యేకంగా ప్రకటించకపోతే పరిహారం కిలోకి ఇన్ని ఎస్‌డీఆర్‌లు అని బరువు మీద లెక్క, 2024 డిసెంబర్ 28 నుంచి అది కిలోకి 26. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కగట్టే యూనిట్. అంటే డబ్బాలో ఎంత విలువైనది ఉన్నా అరకిలో బరువుంటే అరకిలోకే పరిహారం. లోకల్ కొరియర్‌కి ఈ ఒప్పందం వర్తించదు, వాళ్ల కాగితంలో వాళ్ల సొంత పరిమితి ఉంటుంది, అది మీ సగటు ఆర్డర్ విలువ కంటే తక్కువుంటే విలువ ప్రకటించి ఇన్సూరెన్స్ తీస్కోవాలి. క్లెయిమ్ ఎన్ని రోజుల్లోపు పెట్టాలో కూడా అక్కడే ఉంటుంది, ఆ గడువు దాటితే ఎంత న్యాయం ఉన్నా డబ్బు రాదు. ఇంకొకటి, ప్యాకింగ్ సరిగ్గా లేదు అని క్లెయిమ్ కొట్టేయడం చాలా మామూలు, కాబట్టి వస్తువుకీ డబ్బా గోడకీ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల మెత్త, పైనా కిందా హెచ్ ఆకారంలో టేపు, మూసే ముందొక ఫొటో అలవాటు చేస్కోండి. కస్టమర్లకి కూడా చెప్పండి, డబ్బా నలిగి వస్తే సంతకం పెట్టే ముందే దాని మీద "నలిగి వచ్చింది" అని రాయమని.

డబ్బాలో ఏముందని అడగని కొరియర్‌ని నేను నమ్మను. విడి లిథియం అయాన్ బ్యాటరీలు 2016 ఏప్రిల్ 1 నుంచి ప్యాసింజర్ విమానాల్లో కార్గోగా వెళ్లకూడదు, పవర్ బ్యాంకులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇలాంటివి అడక్కుండా తీస్కునే చోట మీ పార్సిల్ పక్కన ఏం కూర్చుందో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు టెస్ట్. అందరూ పది పార్సిళ్లు పంపి, బాగానే చేరాయి అని ఒప్పుకుంటారు. లెక్క ప్రకారం 30 పంపి ఒక్కటి కూడా తప్పకపోయినా, అసలు తప్పు రేటు 10 శాతం దాకా ఉండే అవకాశం కొట్టిపారేయలేం, మూడుని పార్సిళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె అది. కాబట్టి టెస్ట్‌తో శాతాలు తేలవు, ప్రవర్తన తేలుతుంది. తెలిసినవాళ్ల అడ్రస్‌లకే పంపండి, టెస్ట్ అని కొరియర్‌కి చెప్పకండి, కావాలని కొన్ని చిక్కులు పెట్టండి. ఒకదాని మీద ఇంటి నంబర్ రాయకండి, ఫోన్ నంబర్ మాత్రం కరెక్ట్‌గా ఇవ్వండి, ఫోన్ చేసి అడుగుతారా నేరుగా "అడ్రస్ తప్పు" అని కొట్టేస్తారా చూడొచ్చు. ఇంకోటి దారిలో ఉండగా అడ్రస్ మార్చమనండి. ఒకటి తీస్కోవద్దని మీ ఫ్రెండ్‌కి చెప్పండి, అది మీ దగ్గరికి ఎన్ని రోజులకి ఏ స్థితిలో తిరిగొస్తుందో చూడండి. ఒకటి కటాఫ్‌కి, అంటే ఆ రోజుకి పార్సిళ్లు తీస్కోవడం ఆపే టైమ్‌కి, పది నిమిషాల ముందు ఇవ్వండి, ఇంకోటి సెలవు ముందు రోజు. మధ్యలో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పార్సిల్ ఇప్పుడు ఎక్కడుంది అని అడగండి, స్క్రీన్ మీద ఉన్నదే చదివి వినిపిస్తే అది మీకూ కనిపిస్తోంది కదా. హబ్‌కి ఫోన్ చేసి కనుక్కుని పది నిమిషాల్లో తిరిగి చేసిన మనిషి దొరికితే ఆ పేరు రాసి పెట్టుకోండి.

క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే డబ్బు ఎన్ని రోజులకి వేస్తారో తప్పనిసరిగా చూడాలి. రోజుకి 25 అలాంటి ఆర్డర్లు, పది రోజులకి ఒకసారి సెటిల్‌మెంట్ అంటే ఎప్పుడైనా 250 ఆర్డర్ల దాకా మీ డబ్బు వాళ్ల చేతిలో ఉన్నట్టే, వాళ్లు మూసేస్తే అది కూడా పోయినట్టే. చిన్న కొరియర్ అయితే వారానికి రెండుసార్లు అడగండి, కొత్తలో ఒప్పుకోకపోతే క్యాష్ ఆర్డర్లు వాళ్లకి ఇవ్వకండి, ముందే డబ్బు కట్టినవే ఇవ్వండి.

చేరాక కూడా మొత్తం ఒక్కరికే ఇవ్వొద్దు. మేం పదిలో ఎనిమిది ఒకరికి, రెండు ఇంకొకరికి ఇస్తున్నాం, రెండో వాళ్ల లాగిన్, లేబుల్స్, పికప్ అన్నీ నడుస్తూ ఉంటాయి కాబట్టి మొదటి వాళ్లకి బళ్లు ఆగిపోయిన రోజు మాకు పని ఆగలేదు. ప్రతి నెలా నాలుగు అంకెలు రాస్తాను, మొదటిసారి వెళ్లినప్పుడే చేరినవి ఎన్ని, వెనక్కి వచ్చినవి ఎన్ని, పగిలినవి ఎన్ని, చేతికందిన ఒక్కో పార్సిల్‌కి ఎంత పడింది. వాటితో పాటు "అందుబాటులో లేరు" ఎంట్రీల టైమ్‌లు ఇప్పటికీ చూస్తాను.

అగ్రిమెంట్‌లో రేట్లు మార్చడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు, కనీసం ఇన్ని పార్సిళ్లు ఇవ్వాలన్న షరతు ఉందా, ఆఖరి క్యాష్ సెటిల్‌మెంట్ ఎప్పుడు, ఇవి రాతలో ఉండాలి, ఫోన్‌లో చెప్పింది చెల్లదు. మానేద్దామని నిర్ణయించుకుంటే నోటీసు మెయిల్ పంపడానికి ముందు రోజే పాత బిల్లులు, డెలివరీ సంతకాలు, ఫొటోలు, రావాల్సిన క్యాష్ లిస్ట్ అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, మాకైతే మెయిల్ పంపిన మర్నాటికే లాగిన్ ఆగిపోయింది.