వెనీర్, పొదుగు పని, ఇత్తడి బందులతో అలంకార పెట్టె: కొలతల నుంచి పాలిష్ దాకా

బందులు, తాళం చేతికి వచ్చాకే చెక్క మీద గీత గీయండి. కేటలాగులో రాసిన కొలతకీ చేతిలో ఉన్న ఇత్తడి ముక్కకీ అర మిల్లీమీటరు తేడా ఉండటం మామూలే. వెనీర్ (పైన అతికించే పలుచని చెక్క పొర) పనిలో ఆ అర మిల్లీమీటరే చాలా ఎక్కువ. బందు రెక్క వెడల్పు గోడ మందం కంటే కనీసం 3 మి.మీ. తక్కువ ఉండాలి. తాళం లోతు గోడ మందంలో సగం దాటకుండా చూసుకోండి. పూర్తయిన గోడ మందం ఇక్కడ 13.2 మి.మీ. కాబట్టి 38 మి.మీ. పొడవున్న, 95 డిగ్రీల దగ్గర ఆగిపోయే ఇత్తడి బందులు రెండు, గోడలోకి దిగే చిన్న పెట్టె తాళం ఒకటి సరిపోతాయి. ఆగే బందులైతే మూతకి గొలుసో, ఆపుడు పట్టీయో విడిగా పెట్టే పని ఉండదు.

పెట్టె బయటి కొలత 280 × 190 × 110 మి.మీ. అనుకుందాం. గోడలకు 12 మి.మీ. బర్చ్ ప్లైవుడ్, మూత పైపలకకు 9 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన పలక), అడుగుకు 6 మి.మీ. ప్లైవుడ్ కావాలి. గోడలకు ఎండీఎఫ్ వాడకపోవడానికి కారణం స్క్రూలు. దాని అంచులో చిన్న స్క్రూ పట్టు నిలవదు. అంచు బద్దలకు రోజ్‌వుడ్ లాంటి ముదురు గట్టి చెక్క, పొదుగుకు (గాడి తవ్వి అందులో కూర్చే అలంకార ముక్కలకు) లేత రంగు చెక్క ఎంచుకోండి. వెనీర్ 0.6 మి.మీ. మందం.

ఈ పద్ధతిలో వెనీర్ పని అంతా పలకలు విడిగా, చదునుగా ఉన్నప్పుడే అయిపోతుంది. పెట్టె బిగించాక వెనీర్ అతికించే పద్ధతి కూడా ఉంది. కానీ అందులో లోపలి జాయింటు గీత కొన్ని నెలలకి పైకి తేలి కనిపిస్తుంది. ఇక్కడ ఆ జాయింట్లన్నీ అంచు బద్దల కిందకి వెళ్లిపోతాయి.

వెనీర్ అతికించడం

నాలుగు గోడలకూ కలిపి 1000 × 120 మి.మీ. పట్టీ ఒక్కటే కోయండి. తర్వాత వరుసగా నాలుగు ముక్కలు చేస్తే వెనీర్ నార మూలల మీదుగా పెట్టె చుట్టూ తిరుగుతుంది. కలవనిది ఒక్క మూలే, దాన్ని వెనక్కి తిప్పుకుంటారు. ప్లైవుడ్ పైపొర నార పట్టీకి అడ్డంగా ఉండేలా కోయాలి. వెనీర్ నార, దాని కింద పొర నార ఒకే దిశలో ఉంటే పాలిష్ మీద వెంట్రుక లాంటి పగుళ్లు వస్తాయి.

రెండు వైపులా ఒకేసారి అతికించండి. ఒకవైపు మాత్రమే వేస్తే జిగురు ఆరుతూ ఆ వైపుకి లాగుతుంది, పట్టీ విల్లులా వంగుతుంది. లోపలి వైపుకు చవక వెనీర్ వాడుకోవచ్చు, మందం మాత్రం అదే ఉండాలి.

ముడుల వెనీర్ (చెట్టు ముడుల నుంచి కోసింది) వంకరగా, పెళుసుగా వస్తుంది. 3 భాగాల నీళ్లు, 2 భాగాల తెల్ల జిగురు, ఒక భాగం గ్లిజరిన్, ఒక భాగం ఆల్కహాల్ కలిపి రెండు వైపులా చల్లి, పత్రికా కాగితాల మధ్య రెండు పలకలతో అదిమి ఉంచండి. కాగితాలు తడి పీల్చినప్పుడల్లా మార్చండి. పూర్తిగా ఆరి చదునయ్యే వరకు జిగురు జోలికి పోవద్దు.

పైపలకకి రెండు వెనీర్ ముక్కలు అద్దంలో ప్రతిబింబంలా కలపాలంటే, రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి రెండు తిన్నని బద్దల మధ్య బిగించి, బయటికి వచ్చిన అంచుని చిత్రికతో ఒకేసారి చదును చేయండి. రెండూ కలిపి గీసినవి కాబట్టి చిత్రిక కాస్త ఏటవాలుగా పట్టినా జాయింటు కలుస్తుంది. కలిపిన చోట జిగురున్న కాగితపు టేపు తడిపి, పాలిష్ వచ్చే వైపు మాత్రమే అంటించండి. ఆ టేపు ఆరేటప్పుడు కుంచించుకుని జాయింటుని ఇంకాస్త దగ్గరికి లాగుతుంది. పొరపాటున జిగురు వైపు అంటిస్తే అది పలకకీ వెనీర్‌కీ మధ్య శాశ్వతంగా ఉండిపోతుంది.

జిగురు ప్లైవుడ్‌కే రాయండి, వెనీర్‌కి కాదు. తడి తగిలిన వెనీర్ క్షణాల్లో చుట్టుకుపోతుంది. చదరపు మీటరుకి 150 నుంచి 200 గ్రాములు చాలు. అంటే ఈ పట్టీ రెండు వైపులకూ కలిపి 40 గ్రాములకు కాస్త ఎక్కువ. రోలరుతో లాగాక ఉపరితలమంతా ఒకేలా మెరవాలి, ఎక్కడా మడుగులు ఉండకూడదు. సన్నని ముడుల వెనీర్‌కి మరీ ఎక్కువ రాస్తే రంధ్రాల్లోంచి జిగురు పైకి వచ్చి, అక్కడ పాలిష్ పట్టదు. యూరియా ఫార్మాల్డిహైడ్ పొడి జిగురు గట్టిగా బిగుస్తుంది, జాయింట్లు తర్వాత జారవు. గాలి ఆడే చోట, చేతి తొడుగులతో వాడండి. తెల్ల జిగురు సులువు, కానీ 5-8 నిమిషాల్లో పట్టు మొదలవుతుంది కాబట్టి క్లాంపులు ముందే తెరిచి వరుసగా పెట్టుకోవాలి.

వెనీర్ మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద 18 మి.మీ. ఎండీఎఫ్ పలక, ఆపైన అడ్డబద్దలు. అడ్డబద్ద కింది ముఖాన్ని రెండు చివరలా కొద్దిగా చిత్రిక పట్టి, మధ్యలో ఒక మిల్లీమీటరు ఉబ్బేలా చేయండి. అప్పుడు ఒత్తిడి ముందు మధ్యలో పడి జిగురు అంచుల వైపుకి కదులుతుంది. తిన్నని బద్ద పెడితే అంచులు ముందు మూసుకుని గాలి, జిగురు మధ్యలో చిక్కుకుపోతాయి. బుడగలు ఎక్కువగా వచ్చేది అందుకే. క్లాంపులు 100-150 మి.మీ. దూరంలో పెట్టి రాత్రంతా వదిలేయండి.

తీశాక పట్టీని బల్ల మీద పడుకోబెట్టకండి, అంచు మీద నిలబెట్టండి. రెండు వైపులా గాలి తగలాలి. గోటితో మెల్లగా కొడుతూ పోతే బుడగ ఉన్న చోట డొల్ల శబ్దం వస్తుంది. అక్కడ నార వెంట బ్లేడుతో సన్నగా కోసి, సిరంజితో జిగురు పంపి మళ్లీ అదమండి.

పైపలకలో పొదుగు

పైపలకని ముందు అసలు కొలతకి, అంటే 270.8 × 180.8 మి.మీ.కి కోయండి. రూటర్ (గాడి తీసే మెషిన్) గైడు ఈ అంచుల్నే ఆనుకుని నడుస్తుంది కాబట్టి ఇక్కడ మూలమట్టం తప్పితే గీత కూడా తప్పుతుంది. అంచుకి 18 మి.మీ. లోపల చుట్టూ ఒక లేతరంగు గీత, మధ్యలో వజ్రాకారపు ముత్యపుచిప్ప ముక్క: ఇంత చాలు. మంచి ముడుల వెనీర్ మీద అంతకుమించి నింపితే ఏదీ కనబడదు.

గీతకి 1.5 మి.మీ. బిట్, 1.2 మి.మీ. లోతు. ముందుగా గాడి రెండు అంచులనీ పదునైన కత్తితో గీయండి, లేకపోతే నారకి అడ్డంగా పోయే చోట వెనీర్ చిట్లుతుంది. లోతుని రెండు దఫాల్లో దించండి, ఆ బిట్ ఇట్టే విరుగుతుంది. మూలకి ఒక మిల్లీమీటరు ముందే రూటర్ ఆపి, మిగిలింది సన్న ఉలితో చతురస్రంగా తీయండి.

పొదుగు బద్ద 1.5 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. ఎత్తు. గాడిలో పెట్టినప్పుడు 0.3 మి.మీ. పైకి ఉంటుంది. వేలితో నొక్కితే దిగేంత వదులు ఉండాలి. పొడిగా ఉన్నప్పుడు సుత్తి కావాల్సి వచ్చిందంటే, జిగురు తడికి బద్ద ఉబ్బి సగంలో ఇరుక్కుంటుంది. బద్దని సన్నం చేయడానికి, చెక్కదిమ్మలో రెండు బ్లేడులు నిలువుగా దిగ్గొట్టి వాటి మధ్య నుంచి లాగుతూ గీకడం గరుకు కాగితం కంటే మేలు. మందం పొడవునా ఒకేలా వస్తుంది. మూలల్లో ఉలితో 45 డిగ్రీలకు తెంపండి.

ముత్యపుచిప్ప కోసేటప్పుడు ధూళి ఊపిరితిత్తులకు హాని. తడిపి కోయండి, మంచి మాస్కు పెట్టుకోండి. ముక్కని వెనీర్ మీద చుక్క జిగురుతో నిలిపి, చుట్టూ కత్తిమొనతో గీసి, తీసేసి, ఆ గీత లోపల తవ్వండి. లోతు ముక్క మందం కంటే 0.2 మి.మీ. తక్కువ. ఎపాక్సీలో వెనీర్ రంగుకి కాస్త ముదురు చెక్కపొడి కలిపి అతికిస్తే చుట్టూ ఉన్న వెంట్రుకవాసి సందులు కనబడవు. లేతరంగు పొడి కలిపితే సందు తెల్లగీతలా ఎత్తిచూపుతుంది. ఇత్తడి తీగ పొదిగితే ఆకురాయితో పొడవునా మాత్రమే రాయండి. మెషిన్ సాండర్ పెడితే లోహం వేడెక్కి ఎపాక్సీ మెత్తబడుతుంది, తీగ లేస్తుంది.

సమం చేసేటప్పుడే ఎక్కువ పలకలు పాడవుతాయి. ఉన్న వెనీర్ 0.6 మి.మీ., అందులో పోగొట్టుకోదగింది 0.2కి మించదు. పొదుగు ఎత్తుని పదునైన ఉలితోనో స్క్రేపర్ రేకుతోనో దాదాపు సమానం చేశాక, చెక్కదిమ్మకి చుట్టిన 240 నంబరు గరుకు కాగితం వాడండి. ముదురు చెక్కపొడి పక్కనున్న లేత బద్ద రంధ్రాల్లోకి దిగితే మరక పోదు. అందుకని కాగితం పెట్టకముందే మొత్తానికి ఒక పలుచని లక్క పూత వేయండి.

పెట్టె కట్టడం, అంచు బద్దలు

గోడల పట్టీని 108 మి.మీ. ఎత్తుకి తెగ్గోయండి. 110 కాకుండా 108 ఎందుకంటే, మూత వేరు చేసేటప్పుడు రంపం 3 మి.మీ. తినేస్తుంది, సమం చేయడానికి ఇంకో 1 మి.మీ. పోతుంది, తర్వాత 3 మి.మీ. అంచు పట్టీలు రెండు కలుస్తాయి.

పైఅంచున లోపలి వైపు 8.6 మి.మీ. వెడల్పు, 10.2 మి.మీ. లోతు మెట్టు తీయండి. పైపలక ఇందులో కూర్చుంటుంది. కింది అంచు నుంచి 6 మి.మీ. పైన, 5 మి.మీ. లోతున అడుగుపలక గాడి. ఆ తర్వాతే 45 డిగ్రీల కోతలు. అడుగుపలక కొలత 263 × 173 మి.మీ.

బిగించడానికి మూల క్లాంపుల అవసరం లేదు. నాలుగు ముక్కలూ వరుసగా, బయటి ముఖం పైకి పెట్టి, కొసలు ఆనించి ప్యాకింగ్ టేపు లాగి అంటించండి. తిరగేసి, కోతల్లో, గాడిలో జిగురు రాసి, అడుగుపలక పెట్టి చుట్టేయండి. కర్ణాలు రెండూ కొలవండి. తేడా ఉంటే పొడుగు కర్ణం వైపు మెల్లగా నొక్కితే సరిపోతుంది. పైపలక కూడా ఇప్పుడే అతికించండి. పెట్టె పూర్తిగా మూసుకుపోయిందని కంగారు పడక్కర్లేదు, మూతని తర్వాత రంపంతో కోసి వేరు చేస్తాం.

జిగురు ఆరాక నిలువు మూలల్లో 5 × 5 మి.మీ. మెట్టు తీసి, అదే కొలత బద్దలు అతికించండి. అవి ఆరాక పైన, కింద చుట్టూ అదే. పైన గోడ అంచులో మిగిలిన సన్నని 4.6 మి.మీ. పెదవి ఈ 5 మి.మీ. బద్ద కిందకి పూర్తిగా పోతుంది, పలక జాయింటు కూడా మాయమవుతుంది. నూనె గుణం ఉన్న ముదురు చెక్కల్ని అతికించేముందు అసిటోన్‌తో తుడవండి, లేకపోతే జిగురు పట్టదు. టేపు ప్రతి 20 మి.మీ.కి ఒకటి లాగి కట్టండి.

మూత వేరు చేయడం

పైనుంచి 35 మి.మీ. దగ్గర, కోతగీతకి రెండు వైపులా కత్తితో గీసి టేపు వేయండి. టేబుల్ రంపం బ్లేడుని 12.7 మి.మీ. ఎత్తుకి పెట్టండి: అర మిల్లీమీటరు గోడ మిగలాలి. పూర్తిగా కోస్తే చివరి కోతలో మూత కుంగి బ్లేడుని పట్టేస్తుంది, వెనక్కి విసిరే ప్రమాదం ఉంది. రెండు పొడుగు వైపులు ముందు, తర్వాత పొట్టివి. మిగిలిన పొరని కత్తితో తెంచి, గాజు పలక మీద పరిచిన 120 నంబరు కాగితం మీద రెండు భాగాల అంచులూ రాయండి. పెట్టెని ఊగించకుండా, అడుగున పట్టుకుని రాయాలి.

ఇప్పుడు కనిపిస్తున్న ప్లైవుడ్ పొరల మీద 3 మి.మీ. మందం, 14 మి.మీ. వెడల్పు గట్టిచెక్క పట్టీ, మూలల్లో 45 డిగ్రీల కోతతో అతికించి రెండు వైపులా సమం చేయండి.

బందులు, తాళం

బందు రెండు రెక్కలూ సమాంతరంగా వచ్చేలా మూసి మొత్తం మందం కొలవండి. ఇరుసు దగ్గర కాదు, రెక్కల దగ్గర. అది 4 మి.మీ. ఉంటే ఒక్కో గాడి 2 మి.మీ. లోతు. లోతు ఎక్కువైతే వెనకాల చెక్క ముందే కలిసి, మూత ముందు వైపు పూర్తిగా మూసుకోదు. గాడిలో అట్టముక్క పెడితే సర్దుకుంటుంది. తక్కువైతే వెనకాల సందు మిగులుతుంది. బందులు మూలల నుంచి ఒక బందు పొడవు లోపలికి ఉండాలి. గాడి హద్దుల్ని పెన్సిలుతో కాకుండా బందునే ఆనించి కత్తితో గీయండి.

ఇత్తడి స్క్రూ మెత్తన, తల తెగిందంటే తీయడం నరకం. 2 మి.మీ. స్క్రూకి 1.5 మి.మీ. రంధ్రం వేసి, ముందు అదే కొలత ఉక్కు స్క్రూని మైనం రాసి తిప్పి తీయండి, తర్వాతే ఇత్తడిది. ఒక్కో రెక్కకి ముందు మధ్య స్క్రూ ఒక్కటే వేసి మూత మూసి చూడండి. పక్కకి జరిగి ఉంటే మిగతా స్క్రూలతో సర్దుకునే వీలుంటుంది.

తాళంలో పై రేకు నుంచి తాళంచెవి దూరే సూది మధ్య వరకు కొలిచి, ముందు గోడపై అదే దూరంలో మొదటి రంధ్రం వేయండి. తాళం శరీరానికి గాడి, పై రేకుకి పలుచని గాడి, ఆ వరుసలో. మూతలో ఉండే కొక్కెపు రేకు స్థానం కొలతలతో తేల్చడం కష్టం. ఆ రేకుని తాళంలో పెట్టి తాళం వేయండి, దాని వీపుకి రెండువైపులా జిగురుండే టేపు అంటించి మూత మూసి గట్టిగా నొక్కండి. చెవి తిప్పి తాళం తీసి మూత ఎత్తితే, రేకు మూతకి అంటుకుని అసలు చోటు చూపిస్తుంది. చుట్టూ కత్తితో గీసి తవ్వండి.

పాలిష్

ఇత్తడంతా విప్పండి. మైనం తీసిన లక్క 120 గ్రాములు ఒక లీటరు ఆల్కహాల్‌లో కరిగించి, పలుచని పూతలు వేయండి. మధ్యలో 400 నంబరు కాగితంతో తేలిగ్గా రాయండి. లక్క కలిపి ఆరు నెలలు దాటితే వాడొద్దు. పాత ద్రావణం జిగటగా ఉండిపోతుంది, ఎన్నాళ్లయినా గట్టిపడదు. కొంచెం గాజు మీద వేసి చూస్తే తెలిసిపోతుంది. పెట్టె లోపల నూనె పాలిష్ వేయకండి, మూసి ఉన్న పెట్టెలో ఆ వాసన నెలల తరబడి పోదు. లక్క చాలు.

లోపల అంటించే వెల్వెట్‌ని నేరుగా చెక్కకి కాకుండా సన్న అట్టకి చుట్టి, ఆ అట్టని అమర్చండి. అట్టని ప్రతి వైపూ బట్ట మందం అంత తగ్గించి కోయాలి, లేదంటే మూలల్లో ఉబ్బుతుంది.