లోకల్ ఎలక్షన్ రిజల్ట్స్ జిల్లాల వారీగా ఎట్లా చదవాలి, లెక్క ఎక్కడ తప్పుతది

పంచాయతీ రిజల్ట్స్ వచ్చిన రాత్రి మీ ఫోన్‌లో కూడా ఇదే జరిగి ఉంటది. అధికార పార్టీ వాళ్ళ లెక్క ఒకటి వస్తది, ప్రతిపక్షం వాళ్ళది ఇంకోటి, టీవీలో స్క్రోలింగ్ ఇంకో రకంగా ఉంటది, ఏది నమ్మాలో తెలీక పడుకుంటాం. నేను 2014 నుంచి మా వైపు లోకల్ బాడీ రిజల్ట్స్ ఒక నోట్‌బుక్కులో, తర్వాత ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటూ వస్తున్నా, మొదట్లో చాలా తప్పులు చేశా. ఎట్లా చదివితే నిజంగా ఏం జరిగిందో అర్థమైతదో ఇక్కడ చెప్తా, తెలంగాణ, ఆంధ్ర రెండిటికీ పనికొస్తది.

ముందు మీరు చూస్తున్నది ఏ ఎలక్షనో తేల్చుకోండి. సర్పంచ్, వార్డు మెంబర్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఎంపీటీసీ (మండల పరిషత్ మెంబర్), జెడ్పీటీసీ (జిల్లా పరిషత్, అంటే జెడ్పీ మెంబర్), మున్సిపాలిటీ, కార్పొరేషన్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతయి. ఈ ఒక్క తేడా మర్చిపోతే తర్వాత లెక్క మొత్తం తప్పే. సర్పంచ్ అభ్యర్థులకి ఉంగరం, కత్తెర, బ్యాట్, కప్పు సాసర్ లాంటి గుర్తులు ఇస్తారు, అవి కూడా తెలుగు అక్షరాల వరుసలో పేర్లు పెట్టుకుంటూ పోయి ఇస్తారు. మీ ఊర్లో ఉంగరం ఒక పార్టీ మనిషికి వస్తే పక్క ఊర్లో అదే ఉంగరం ఎదుటి పార్టీ మనిషికి రావొచ్చు. అందుకే "ఫలానా పార్టీకి ఇన్ని వేల పంచాయతీలు" అనే లెక్క అఫీషియల్‌గా ఎక్కడా ఉండదు, అదంతా "మద్దతుదారులు" అని పార్టీలు, పేపర్లు వేసుకున్న అంచనా. గెలిచినాక కండువా మార్చుకున్న సర్పంచ్‌ని ఇద్దరూ తమ ఖాతాలో వేసుకుంటారు. కాబట్టి సర్పంచ్ రిజల్ట్స్‌లో పార్టీ నంబర్ చూసినప్పుడు అది ఎవరు చెప్పిన లెక్కో పక్కన రాసుకోండి, రెండు పార్టీల లెక్కలూ పెట్టుకోండి, ఒకటే నిజమని ఫిక్స్ అవ్వకండి.

అసలు డేటా ఎక్కడ దొరుకుతది అంటే స్టేట్ ఎలక్షన్ కమిషన్ దగ్గర. చాలామంది ఢిల్లీ ఎలక్షన్ కమిషన్ సైట్‌లో వెతికి ఏం లేదని వదిలేస్తారు. అసెంబ్లీ, పార్లమెంట్ లాంటివి వాళ్ళవి, లోకల్ బాడీలు రాజ్యాంగం 243కె ప్రకారం రాష్ట్ర ఎన్నికల సంఘం పని, తెలంగాణకి వేరు, ఆంధ్రకి వేరు. అక్కడ లేకపోతే జిల్లా పంచాయతీ ఆఫీసు, మండలంలో ఎంపీడీఓ ఆఫీసు. ఊరి లెవెల్లో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో కావాలంటే కౌంటింగ్ అయినాక రిటర్నింగ్ ఆఫీసర్ ఇచ్చే ఫలితం కాగితమే గట్టి ఆధారం, ఊర్లో ఎవరో ఒకరు దాన్ని ఫోటో తీసి పెట్టుకుంటారు, అడిగి తీసుకోండి.

రెండో సంగతి మ్యాప్. నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. మాది కోహెడ వైపు. 2014లో ఎంపీటీసీ జెడ్పీటీసీ ఓట్లు లెక్కపెట్టినప్పుడు మేము కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కోహెడ, హుస్నాబాద్, బెజ్జంకి సిద్దిపేటలో కలిశాయి. 2019 రిజల్ట్స్ వచ్చినాక నేను 2014 కరీంనగర్ జెడ్పీ పక్కన 2019 కరీంనగర్ జెడ్పీ పెట్టి సీట్లు ఎక్కడికి పోయాయని రెండు గంటలు తల పట్టుకున్నా, తర్వాత గానీ తట్టలేదు అవి రెండూ ఒక జిల్లా కాదని. పాత కరీంనగర్ కొత్త కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్లగా విడిపోయింది, కొన్ని మండలాలు సిద్దిపేటకి, కొన్ని వరంగల్ అర్బన్‌కి, కొన్ని భూపాలపల్లికి పోయినయి. రాష్ట్రం మొత్తం చూస్తే 2014లో తెలంగాణలో 9 జెడ్పీలు, 2019లో 32. అందుకే జిల్లా పేరు చూసి పోల్చొద్దు, మండలం పేరు పట్టుకోండి. మండలాలు కూడా కొత్తవి వచ్చాయి కానీ వాటిని కలుపుకోవడం తేలిక, ఏ పాత మండలం నుంచి వచ్చిందో ఊర్ల లిస్ట్ చూస్తే తెలిసిపోతది. షీట్‌లో ప్రతి మండలానికి "పాత జిల్లా", "కొత్త జిల్లా" అని రెండు కాలమ్స్ పెట్టండి, ఈ పని మొదట్లోనే చేస్తే తర్వాత సగం తలనొప్పి ఉండదు.

ఆంధ్రలో ఇది ఇంకో రకంగా ఉంటది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, కానీ 2021లో గెలిచిన జిల్లా పరిషత్‌లు పాత 13 జిల్లాల లెక్కనే కొనసాగాయి. అంటే కలెక్టర్ ఒక జిల్లా, జెడ్పీ ఛైర్మన్ ఇంకో పెద్ద జిల్లా. కొత్త జిల్లా పేరుతో పాత జెడ్పీ రిజల్ట్ వెతికితే దొరకదు, అది దొరకలేదంటే ఎలక్షన్ జరగలేదని కాదు.

ఇప్పుడు మొత్తం సీట్ల లెక్క. "పార్టీ ఇన్ని శాతం గెలిచింది" అని కనపడగానే దేంట్లో శాతం అని అడగండి. ఏ ఎలక్షన్‌లో అయినా సీట్లు మూడు రకాలు, పోటీ జరిగినవి, ఏకగ్రీవం అయినవి, అసలు ఎన్నికే జరగనివి. మూడూ విడివిడిగా రాయాలి. ములుగు జిల్లా మంగపేట మండలం చూడండి, అక్కడ షెడ్యూల్డ్ ఏరియా (గిరిజన ప్రాంతం) వివాదం కోర్టులో ఉండటం వల్ల మిగతా జిల్లాతో పాటు ఎన్నిక జరగలేదు, జిల్లా టోటల్‌లో ఆ మండలాన్ని కలిపారా తీసేశారా అన్నదాన్ని బట్టి శాతం మారుతది.

ఏకగ్రీవాల దగ్గర మాత్రం కాసేపు ఆగి చూడాల్సిందే, నా దృష్టిలో లోకల్ రిజల్ట్స్‌లో అన్నిటికంటే ముఖ్యమైన కాలమ్ ఇదే. ఆంధ్రలో 2021లో 10,047 ఎంపీటీసీల్లో 2,371 ఏకగ్రీవం, 660 జెడ్పీటీసీల్లో 126 ఏకగ్రీవం. దాదాపు నాలుగో వంతు ఎంపీటీసీ స్థానాల్లో జనం ఓటే వేయలేదు. ఆ ఎన్నిక తేదీలు కూడా గమనించాలి. నామినేషన్లు 2020 మార్చిలో పడ్డాయి, మార్చి 15న కోవిడ్ పేరుతో వాయిదా, పోలింగ్ 2021 ఏప్రిల్ 8న, అప్పటికి టీడీపీ బహిష్కరిస్తున్నట్టు ప్రకటించింది, తర్వాత కోర్టు కేసులు నడిచి కౌంటింగ్ సెప్టెంబర్ 19న. చివరికి 13 జెడ్పీలూ వైఎస్సార్సీపీకే పోయాయి. "2021 సెప్టెంబర్ రిజల్ట్" అని మనం అంటున్న దాంట్లో 2020 మార్చిలో నామినేషన్ వేయగలిగినవాళ్ళు ఎవరు, వేయలేనివాళ్ళు ఎవరు అన్న సంగతి కూడా కలిసి ఉంది. కాబట్టి ఏకగ్రీవం ఎక్కువున్న మండలాలకి షీట్‌లో వేరే రంగు వేయండి. అవన్నీ ఒకే నియోజకవర్గంలో గుంపుగా కనపడితే అక్కడ ఏం జరిగిందో లోకల్ పేపర్ జిల్లా పేజీలు తిరగేయండి. ఊరంతా కూర్చుని మాట్లాడుకుని చేసిన ఏకగ్రీవం కూడా ఉంటది, భయపెట్టి చేసిందీ ఉంటది, వేలం పాటలాగా డబ్బు పెట్టి చేసిందీ ఉంటది, నంబర్‌లో మూడూ ఒకేలా కనపడతాయి.

ఇంకోటి, విడతలు. తెలంగాణలో 2025 పంచాయతీ ఎన్నికలు డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతల్లో జరిగాయి. మొదటి విడత రాత్రే "ఫలానా జిల్లా ఫలానా పార్టీది" అని పోస్టులు వచ్చేశాయి. కానీ ఒక విడతలో జిల్లాలో కొన్ని మండలాలే ఉంటాయి, అవి జిల్లాలో ఒక మూలకి చెందినవి కావొచ్చు, మిగతా మూల వేరేలా ఓటేయొచ్చు. మూడు విడతలూ అయ్యేదాకా జిల్లా టోటల్ రాయొద్దు, పెన్సిల్‌తో కూడా రాయొద్దు.

సీట్లు వేరు ఓట్లు వేరు అని అందరికీ తెలుసు గానీ లోకల్‌లో ఇంకో తేడా ఉంది, సైజు తేడా. తెలంగాణ 2019 తీసుకోండి, ఒకే రోజు ఒకే ఓటరు రెండు బ్యాలెట్లు వేశాడు, ఎంపీటీసీకి ఒకటి జెడ్పీటీసీకి ఒకటి. జెడ్పీటీసీల్లో టీఆర్ఎస్‌కి (ఇప్పటి బీఆర్ఎస్) 538లో 449 వచ్చాయి, అంటే 83 శాతం. ఎంపీటీసీల్లో 61 శాతం దగ్గరే ఆగింది, ఇండిపెండెంట్లు వందల్లో గెలిచారు. ఎందుకంటే ఎంపీటీసీ అంటే రెండు మూడు ఊర్లు, మనిషి తెలుసు, చుట్టరికం తెలుసు, పోయిన చావుకి వచ్చాడా లేదా తెలుసు. జెడ్పీటీసీ అంటే మండలం మొత్తం, అక్కడ గుర్తు పనిచేస్తది. మీ జిల్లాలో ఈ రెండు శాతాల మధ్య గ్యాప్ ఎంతుందో చూడండి, గ్యాప్ ఎక్కువుంటే పైన పార్టీ గట్టిగా కనపడుతున్నా కింద మనుషులు వేరే అని అర్థం.

దీన్ని పట్టుకుని పై ఎన్నికలకి జోస్యం మాత్రం చెప్పకండి. 2019 మే 23న పార్లమెంట్ ఓట్లు లెక్కపెడితే టీఆర్ఎస్‌కి 17లో 9, బీజేపీకి 4, కరీంనగర్, నిజామాబాద్ రెండూ బీజేపీకే పోయాయి. పన్నెండు రోజులకి, జూన్ 4న, జెడ్పీ ఓట్లు లెక్కపెడితే 32 జెడ్పీలూ టీఆర్ఎస్‌కే. అదే జనం. ఆంధ్రలో 2021లో 13కి 13 జెడ్పీలు గెలిచిన పార్టీకి 2024 అసెంబ్లీలో 175లో 11 వచ్చాయి.

ఇక టౌన్లు, సిటీలు. ఇక్కడ "ఎవరు గెలిచారు" అన్నదానికి రెండు జవాబులు ఉంటాయి, ఎక్కువ సీట్లు ఎవరివి, కుర్చీ ఎవరిది. 2020 జనవరిలో నిజామాబాద్ కార్పొరేషన్‌లో 60 డివిజన్లకి బీజేపీ 28, ఎంఐఎం 16, టీఆర్ఎస్ 13, కాంగ్రెస్ 2, ఇండిపెండెంట్ 1. పెద్ద పార్టీ బీజేపీ, మేయర్ మాత్రం ఎంఐఎం మద్దతుతో టీఆర్ఎస్. జీహెచ్ఎంసీ, అంటే హైదరాబాద్ కార్పొరేషన్‌లో, 2020 డిసెంబర్‌లో 150లో టీఆర్ఎస్ 56, బీజేపీ 48, ఎంఐఎం 44, కాంగ్రెస్ 2. టీఆర్ఎస్‌కీ బీజేపీకీ ఓట్ల శాతంలో తేడా ఒక్క శాతం కూడా లేదు, సీట్లలో 8 తేడా. ఎంఐఎం 51 చోట్లే పోటీ చేసి 44 గెలిచింది, అందుకే వాళ్ళ సిటీ మొత్తం ఓట్ల శాతం చూసి బలం తక్కువ అనుకుంటే తప్పు. మేయర్, మున్సిపల్ ఛైర్మన్ ఓటింగ్‌లో ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు ఎక్స్ అఫీషియోగా, అంటే తమ పదవి వల్ల వచ్చే హక్కుతో, ఓటేస్తారు. కాబట్టి కౌన్సిలర్ల సంఖ్య పక్కన ఆ టౌన్‌లో ఎక్స్ అఫీషియో ఓట్లు ఎన్ని, ఎవరివి అనేది రాయకపోతే లెక్క సగమే. ఆంధ్రలో 2021లో మైదుకూరులో టీడీపీకి 12 వార్డులు, వైఎస్సార్సీపీకి 11, జనసేనకి 1 వస్తే ఛైర్మన్ వైఎస్సార్సీపీకి పోయింది. అదే ఏడాది తాడిపత్రిలో టీడీపీ 18, వైఎస్సార్సీపీ 16, సీపీఐ 1, ఇండిపెండెంట్ 1, అక్కడ కుర్చీ టీడీపీకి నిలబడింది. మండలాల్లో కూడా ఇంతే, ఎంపీపీని (మండల పరిషత్ అధ్యక్షుడు) ఎంపీటీసీలు, జెడ్పీ ఛైర్మన్‌ని జెడ్పీటీసీలు ఎన్నుకుంటారు, మధ్యలో క్యాంపులు ఉంటాయి, గెలిచినవాళ్ళు చేజారకుండా పార్టీలు ఒకచోట పెట్టి కాపాడుకుంటాయి. కౌంటింగ్ రోజు ఎంపీటీసీ నంబర్ ఒకటి, ఎంపీపీ ఎన్నిక రోజు నంబర్ ఇంకోటి అయితే ఎవరు మారారో పేర్లతో రాసుకోండి.

రిజర్వేషన్ కాలమ్ మర్చిపోవద్దు. పోయినసారి జనరల్, ఈసారి బీసీ మహిళ అయితే పాత సర్పంచ్ ఓడిపోలేదు, పోటీనే చేయలేదు. రెండు రాష్ట్రాల్లో సగం సీట్లు మహిళలవి. తెలంగాణలో 2025లో బీసీలకి 42 శాతం జీఓ ఇచ్చి, అక్టోబర్ 9న హైకోర్టు స్టే ఇచ్చినాక మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటొద్దన్న పరిమితి లోపే మళ్ళీ రిజర్వేషన్లు వేసి పంచాయతీ ఎన్నికలు పెట్టారు, అందుకే సెప్టెంబర్‌లో వచ్చిన రిజర్వేషన్ లిస్ట్ మీ దగ్గరుంటే అది పనికిరాదు, తర్వాతది తీసుకోండి.

చివరిగా మెజారిటీ, చెల్లని ఓట్లు. 2019 జనవరిలో మా పెద్దనాయన కొడుకు వార్డుకి నిలబడితే నేను ఏజెంట్‌గా స్కూల్లో కూర్చున్నా. మధ్యాహ్నం ఒంటిగంటకి పోలింగ్ అయిపోయింది, రెండింటికి పెట్టె తెరిచారు, ముందు గులాబీ కాగితాలు సర్పంచ్‌వి ఒక పక్క, తెల్లవి వార్డువి ఒక పక్క వేరు చేశారు. తర్వాత 25 చొప్పున కట్టలు కట్టి రబ్బర్ బ్యాండ్ వేశారు. మా వార్డులో పోలైనవి నూట నలభై చిల్లర. మావాడు 3 ఓట్లతో ఓడిపోయాడు, చెల్లనివి 7. ఆ ఏడింట్లో రెండు కాగితాల మీద ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడింది, ఒకదాని మీద రెండు గుర్తులకీ వేశారు, ఎవరో ముసలాళ్ళు వేసి ఉంటారు, చేయి వణికిందేమో. ఆరోజు నుంచి నా షీట్‌లో ప్రతి ఊరికీ మెజారిటీ పక్కన చెల్లని ఓట్లు, నోటా రాస్తున్నా. చెల్లనివి మెజారిటీ కంటే ఎక్కువున్న ఊర్లకి గుర్తు పెట్టుకోండి, వచ్చేసారి ఆ ఊరి వాళ్ళకి పోలింగ్‌కి ముందే ముద్ర ఎక్కడ వేయాలో చూపించొచ్చు, సమానంగా ఓట్లు వచ్చి డ్రా తీసిన చోట్లకి ఇంకో గుర్తు.

షీట్ మొత్తం ఒక్కరే నింపాలంటే కుదరదు. మండలానికి ఒకరిని పట్టుకోండి, ఆశా వర్కర్ అయినా, మీసేవ నడిపే తమ్ముడైనా, రిటైర్ అయిన సార్ అయినా. ఒక్కో ఊరి ఫలితం కాగితం ఫోటో పంపమనండి, నోటితో చెప్పిన నంబర్ తీసుకోకండి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్ళు ఊర్లకి సర్పంచ్ లేడు, స్పెషల్ ఆఫీసర్లే నడిపారు, ఆ మధ్యలో పాత సర్పంచ్‌ల దగ్గరున్న కాగితాలు చాలా చోట్ల పోయాయి. కొత్తగా గెలిచినవాళ్ళ దగ్గర ఇంకా ఉంటాయి, ఈ నెలలోనే ఫోటోలు తీయించి పెట్టుకోండి.