తరగతిలో ఈమెయిల్, సెర్చ్ వాడే ముందు ఉపాధ్యాయులు తీసుకోవలసిన జాగ్రత్తలు

కంప్యూటర్‌ను ప్రొజెక్టర్‌కు కలిపే ముందే మీ సొంత ఈమెయిల్ నుంచి లాగౌట్ అయి, నోటిఫికేషన్లను ఆపివేయండి. ఒక విద్యార్థి మార్కుల గురించి తల్లిదండ్రులు రాసిన మెయిల్‌లోని మొదటి వాక్యం తెర మూలన క్షణం కనిపించినా తరగతి అంతా చదివేస్తుంది, ఆ పిల్లవాడి నొచ్చుకోలును మనం తీర్చలేము. సెర్చ్ పెట్టెలో ఒక్క అక్షరం కొట్టగానే పాత వెతుకులాటలు బయటపడతాయి కాబట్టి బోధనకు వేరే బ్రౌజర్ ప్రొఫైల్ (వెతుకులాటల చరిత్ర, లాగిన్లు విడిగా ఉండే ఏర్పాటు) ఉంచుకోవడం మేలు.

పాఠంలో వెతకబోయే పదాలను ముందురోజే వెతికి, ఫలితాలను, ముఖ్యంగా చిత్రాలను, స్వయంగా చూసుకోండి. అసభ్య ఫలితాలను వడకట్టే గూగుల్ సెట్టింగ్ ‘సేఫ్‌సెర్చ్’ ఆన్‌లో ఉన్నా అసభ్య చిత్రాలన్నీ ఆగుతాయన్న హామీ లేదు; తప్పుడు సమాచారాన్ని వడకట్టడం అసలు దాని పనే కాదు. పైన కనిపించేవాటిలో ప్రకటనలు కూడా ఉంటాయని, మొదటి ఫలితమే సరైన జవాబు కానక్కర్లేదని పిల్లలకు ముందే చెప్పాలి.

తల్లిదండ్రులందరికీ ఒకే మెయిల్ పంపేటప్పుడు చిరునామాలను ‘టు’లోనో ‘సీసీ’లోనో కాక ‘బీసీసీ’లో పెట్టండి; లేకపోతే అందరి చిరునామాలూ అందరికీ తెలిసిపోతాయి. జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ను ఆపుకొనే గడువును సెట్టింగ్స్‌లో 30 సెకన్ల వరకు పెంచుకోవచ్చు, తప్పక పెంచుకోండి. అటాచ్‌మెంట్లు 25 ఎంబీ దాటితే అవి గూగుల్ డ్రైవ్ (ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచే చోటు) లింకుగా వెళతాయి గనుక, ఆ ఫైలును ఎవరెవరు తెరవగలరో పంపే ముందే సరిచూడండి.

విద్యార్థులకు పాఠశాల ఇచ్చిన ఖాతాలనే వాడించండి. కంప్యూటర్‌ను పలువురు పంచుకుంటున్నప్పుడు ట్యాబ్ మూసినంత మాత్రాన సరిపోదు, ప్రతి ఒక్కరూ లాగౌట్ అయ్యారో లేదో మీరే చూడాలి.