ఎండ ప్రాంతాల్లోని బంధువుల ఇళ్లకు కారులో: బయల్దేరే ముందు, దారిలో, చేరాక

చల్లటి చోటు నుంచి ఎండ ప్రాంతంలోని బంధువుల ఇళ్లకు పిల్లాపెద్దలతో కారులో వెళ్లేటప్పుడు ముందు తేల్చుకోవాల్సినవి రెండు. ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా కారు ఎక్కడ ఉంటుంది? కారులో అందరికన్నా తక్కువ ఓపిక ఉన్నది ఎవరికి? పసిబిడ్డకా, తాతయ్యకా, గుండె జబ్బున్న పెద్దమ్మకా? ఈ రెంటినీ బట్టే బయల్దేరే వేళ, ఆగే చోట్లు, ఎన్ని ఇళ్లకు వెళ్లగలం అన్నది నిర్ణయించాలి.

రోజుకు ఎంత దూరం

ఫోన్‌లో మ్యాప్ చూపించే సమయం ఎక్కడా ఆగని కారుకు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే రెండేసి గంటలకు 15-20 నిమిషాలు ఆగాలి, టిఫిన్‌కు అరగంట పోతుంది. మ్యాప్ 5 గంటలంటే మీకు 6 గంటలు పైనే పడుతుంది. తెల్లవారుజామున 5కి కదిలితే 11 దాటాక చేరతారు. ఒక రోజుకు అంతే పెట్టుకోండి. అంతకన్నా దూరమైతే 10:30కల్లా నీడలోకి, గదిలోకి చేరి, సాయంత్రం 4 తర్వాత మళ్లీ బయల్దేరండి. లేదా రెండు రోజులు చేసుకోండి.

ఎండ తప్పుతుందని రాత్రంతా నడిపేవాళ్లున్నారు. చల్లదనం నిజమే కానీ తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య నిద్ర ఎవరినైనా లాగేస్తుంది, ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా సరే. 5కి కదలాలంటే డ్రైవర్ ముందు రాత్రి 9కే పడుకోవాలి. అందుకే సామాన్లు సర్దడం ముందు రోజు సాయంత్రానికే అయిపోవాలి. అర్ధరాత్రి దాకా సర్ది, నాలుగు గంటలు పడుకుని స్టీరింగ్ పట్టుకోవడం ఈ ప్రయాణాల్లో అందరూ చేసే పెద్ద తప్పు.

దిక్కు కూడా చూసుకోండి. పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమరకు వెళ్తే సూర్యుడు సూటిగా కళ్లలో కొడతాడు. ముందద్దం లోపలి వైపు పట్టిన మురికి పొర ఆ వెలుతురులో తెల్లగా మెరిసి దారి కనపడనివ్వదు. బయటివైపు అందరూ తుడుస్తారు, లోపలివైపు మర్చిపోతారు.

టైర్లు

ఎండలో కార్లను ఎక్కువగా ఆపేవి టైర్లు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), బ్యాటరీ. వీటిని బయల్దేరడానికి వారం ముందే చూపించండి. ముందు రోజు చూపిస్తే తప్పు బయటపడినా బాగు చేయించే సమయం ఉండదు.

గాలి తక్కువున్న టైరు నడిచేటప్పుడు పక్కగోడలు ఎక్కువగా వంగుతాయి. వంగినకొద్దీ లోపల వేడి పుడుతుంది, దానికి రోడ్డు వేడి, సామాను బరువు, వేగం తోడవుతాయి. పొరలు విడిపోయి టైరు పేలేది అలాగే. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, ఎండ కదా అని గాలి తగ్గించి పెడతారు. అలా చేయకండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే కనపడే స్టిక్కర్ మీదో, పెట్రోలు మూత లోపలో రాసి ఉంటుంది. అందులో నిండు బరువుకు వేరే అంకె ఉంటే అదే మీకు కావాల్సింది. టైరు మీద అచ్చు వేసి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, దాన్ని పట్టుకోకండి.

కారు కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, పొద్దున్నే కొలవండి. నడిచాక గాలి ఒత్తిడి 4-5 పీఎస్ఐ (టైరు గాలిని కొలిచే ప్రమాణం) పెరగడం మామూలే. వేడి టైరులో పెరిగిన గాలిని తీసేస్తే, అది చల్లారాక ఉండాల్సినదానికన్నా తక్కువైపోతుంది. స్టెప్నీని కూడా అప్పుడే కొలవండి. జాక్, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో చూసి, వాటిని సామాన్ల అడుగున పడకుండా పెట్టండి.

టైరు పక్కన నాలుగంకెల తారీఖు ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం. గీతలు లోతుగానే ఉన్నా ఆరేళ్లు దాటిన రబ్బరును మంచి మెకానిక్‌కు చూపించి, సన్నటి పగుళ్లు కనపడితే మార్చేయండి. చాలా దేశాల్లో గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చట్టం. దూర ప్రయాణానికి 3 మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత.

కూలెంట్, బ్యాటరీ, ఏసీ

కూలెంట్‌లో సగం నీళ్లు, సగం గాఢ ద్రావణం ఉండాలి. ఇప్పటికే కలిపి అమ్మే రకమైతే మళ్లీ నీళ్లు కలపకండి. కలిపేది డిస్టిల్డ్ వాటరే అవ్వాలి, కుళాయి నీళ్లలోని ఖనిజాలు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. ఆ మట్టం దగ్గర పెన్నుతో చిన్న గుర్తు పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు పనికొస్తుంది. రేడియేటర్ ముందు ఇరుక్కున్న పురుగులు, ఆకులు తీయించండి. ఏసీ వేసినప్పుడు రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. హైవే మీద గాలే చల్లబరుస్తుంది కనుక ఫ్యాన్ పోయినా తెలియదు, ట్రాఫిక్‌లో ఆగిన ఐదు నిమిషాలకు ఇంజిన్ వేడిని చూపే సూది పైకెళ్తుంది.

బ్యాటరీని చలి మొరాయించేలా చేస్తుంది, కానీ లోపల నుంచి అరగదీసేది వేడే. మూడేళ్లు దాటితే పరీక్ష చేయించండి. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి.

ఏసీ చల్లగా రాకపోతే ముందు క్యాబిన్ ఫిల్టర్ (కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టేది) చూడండి. దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్‌ను గ్యాస్ అయిపోయిందని పొరబడడం ఎక్కువ. ఎండలో ఆగిన కారు ఎక్కగానే అద్దాలన్నీ దించి, ఒకటి రెండు నిమిషాలు నడిపి, వేడి గాలి పోయాక మూసి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్లీ తిప్పే బటన్) వేయండి. కానీ గంటల తరబడి దాని మీదే ఉంచవద్దు. మూసిన కారులో ఐదుగురు వదిలే ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ పెరిగి డ్రైవర్‌కు మత్తుగా ఉంటుంది. ప్రతి అరగంటకు ఐదు నిమిషాలు బయటి గాలి రానివ్వండి.

సూది ఎరుపు వైపు వెళ్తే

ముందు ఏసీ ఆపండి. అద్దాలు దించి హీటర్‌ను పూర్తి వేడిలో, పూర్తి ఫ్యాన్‌తో వేయండి. ఎండలో హీటరేమిటని అనిపిస్తుంది కానీ అది ఇంజిన్ వేడిని లాగి బయటకు పంపే రెండో రేడియేటర్ లాంటిది. సూది దిగకపోయినా, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చినా వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఇంకో రెండు కిలోమీటర్లు పోతే మెకానిక్ ఉన్నాడని నడిపితే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ భాగాల మధ్య ఉండే సీలు) పోతుంది. పిల్లలను, పెద్దవాళ్లను రోడ్డుకు దూరంగా నీడలోకి పంపండి.

కనీసం అరగంట, వీలైతే గంట ఆగేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి అదంతా ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాక మందపాటి గుడ్డ వేసి కొద్దికొద్దిగా తిప్పండి. మండుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే లోహం పగిలే ప్రమాదం ఉంది. కూలెంట్ లేకపోతే మామూలు నీళ్లతో మెకానిక్ దాకా వెళ్లొచ్చు, తర్వాత అది మార్పించుకోవాలి.

సర్దడం

బరువైనవి డిక్కీలో కింద, వెనక సీటుకు ఆనించి పెట్టండి. సామాను సీటు వీపు ఎత్తు దాటకూడదు, గట్టిగా బ్రేక్ వేస్తే పైనున్న పెట్టె పిల్లల తలల మీదికి వస్తుంది. కారు పైన ఎంత బరువు పెట్టొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, చాలా కార్లకు అది అనుకున్నదానికన్నా తక్కువ. డిక్కీలో పావు వంతు ఖాళీగా ఉంచుకోండి. బంధువులు వట్టి చేతులతో పంపరు. ఆ బరువు ఎక్కాక టైర్ల గాలి మళ్లీ చూసుకోవాలి.

బాడీ స్ప్రేలు, లైటర్లు, పవర్ బ్యాంకులు ఆగిన కారులో వదలవద్దు. మందులను డ్యాష్‌బోర్డు అరలో పెట్టకండి. వాడుతున్న ఇన్సులిన్ మామూలుగా 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి. ఐస్ ప్యాక్‌కు నేరుగా తగిలి గడ్డకట్టినా అది పనికిరాదు, కనుక గుడ్డ చుట్టి, వేడి చొరబడని సంచీలో, మనుషులున్న చోటే పెట్టుకోండి. ఏ మందైనా రెండు మూడు రోజులకు ఎక్కువే తీసుకోండి, చీటీ ఫోటో ఫోన్‌లో ఉండాలి.

మనిషికి రోజుకు 3 లీటర్ల నీళ్లు, పైగా కారుకు విడిగా 5 లీటర్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు. అవి దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు సమతలమైన చిన్న చెంచాల (టీస్పూన్ల) చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలపొచ్చు. చెంచాను గుట్టగా నింపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. ఆరు నెలల లోపు బిడ్డకు మంచినీళ్లు పట్టకండి, పాలే మరింత తరచుగా ఇవ్వండి. గుండె, మూత్రపిండాల జబ్బులతో నీళ్లకు పరిమితి ఉన్నవాళ్లు, నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్లు బయల్దేరే ముందే డాక్టరును అడగాలి.

పిల్లలు, పెద్దవాళ్లు

పసిపిల్లలను ఒళ్లో పెట్టుకోకూడదు, వయసుకు తగిన చైల్డ్ సీటు తప్పదు. వెనక్కి తిరిగి ఉండే సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టవద్దు. ఎండలో ఆగి వచ్చాక బెల్టు లోహపు బకిల్ ముందు మీ చేత్తో ముట్టి చూడండి, చర్మం కాలుతుంది. దిగేటప్పుడు సీటు మీద లేతరంగు తువ్వాలు కప్పితే ఈ బాధ తగ్గుతుంది.

వాంతులయ్యే పిల్లలకు ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ చెరుపే. తేలిగ్గా తినిపించి, ఫోన్, పుస్తకం ఇవ్వకుండా, దూరంగా ముందుకు చూసేలా కూర్చోబెట్టండి. వాంతి మాత్ర డాక్టరు చెబితే కదలడానికి అరగంట నుంచి గంట ముందు వేయాలి, కారు ఎక్కాక కాదు. డ్రైవర్ వేసుకోకూడదు, అది నిద్ర తెప్పిస్తుంది.

ఆగిన చోటల్లా పెద్దవాళ్లను దింపి ఐదు నిమిషాలు నడిపించండి. గంటల తరబడి కాళ్లు వేలాడేస్తే వాచిపోతాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది.

మూసిన కారులో వేడి పది నిమిషాల్లోనే 10 డిగ్రీల దాకా పెరుగుతుంది. అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. రెండు నిమిషాల పనికైనా ఎవరినీ కారులో వదిలి వెళ్లవద్దు. బంధువుల ఇంటికి చేరాక ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ఇల్లంతా సందడిలో ఉంటుంది, బిడ్డ వేరేవాళ్ల దగ్గర ఉందని ఒకరికొకరు అనుకుంటారు, దాగుడుమూతల్లో పిల్లలు కారులోనే దూరతారు. కారుకు ఎప్పుడూ తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందని చోట పెట్టండి. పిల్లవాడు కనపడకపోతే మొదట కారు, డిక్కీ చూడండి.

ఎండలో ఎవరైనా తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పుతున్నా, ఒళ్లు విపరీతంగా కాలుతున్నా అది వడదెబ్బ. అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. అది వచ్చేలోపే నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. చెమట పడుతూనే ఉంది కదా అని ధీమాగా ఉండవద్దు, చెమట పడుతున్నా వడదెబ్బ తగలొచ్చు.

బంధువుల ఇళ్ల లెక్క

ఎదురుచూసేవాళ్లున్నారన్న తొందర డ్రైవర్ కాలిని యాక్సిలరేటర్ మీద నొక్కుతుంది. అందుకే "పన్నెండుకల్లా వచ్చేస్తాం" అని మాట ఇవ్వకండి. "పదకొండుకీ రెండుకీ మధ్య వస్తాం, మా కోసం భోజనానికి ఆగొద్దు" అని చెప్పండి. లైవ్ లొకేషన్ పంపి, ఫోన్లన్నీ ఒక్కరికే వచ్చేలా చూడండి. ఆ ఒక్కరు డ్రైవర్ కాకూడదు.

ముందే ఫోన్‌లో అడగాల్సినవి: మధ్యాహ్నం కారుకు నీడ ఉందా, పెద్దవాళ్లు మెట్లెక్కకుండా పడుకునే గది ఉందా, కరెంటు పోతే ఏర్పాటేమిటి. ఇవి అడగడం నామోషీ కాదు, అడగకుండా వచ్చి ఇబ్బంది పడితే వాళ్లకే ఎక్కువ బాధ.

నాలుగైదు ఇళ్లున్నప్పుడు అందరికన్నా దూరంలో ఉన్నవాళ్ల దగ్గరికి మొదట వెళ్లి, దగ్గరివాళ్ల వైపు వెనక్కి రండి. అలసట పోగయ్యే ఆఖరి రోజున దారి చిన్నదవుతుంది. ఒక్కో ఇంట్లో కనీసం రెండు రాత్రులుండండి. కుదరకపోతే ఒక ఇల్లు తగ్గించుకుని, వాళ్లనే మీరున్న చోటికి రమ్మనండి. రోజుకో ఇల్లు మారితే రోజూ సర్దుడు, రోజూ ప్రయాణం, పిల్లలకు జ్వరం.

అక్కడి వేడి అక్కడివాళ్ల ఒంటికి అలవాటు, మీ ఒంటికి కాదు. పూర్తిగా అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు మధ్యాహ్నం షికార్లు వద్దని చెప్పండి. ఎంత ప్రేమగా పిలిచినా సాయంత్రానికి మార్చమనండి, పిల్లలున్నారంటే ఎవరూ కాదనరు.

తిరుగు ప్రయాణం రోజున పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తి కూలెంట్ మట్టాన్ని మీరు పెట్టిన గుర్తుతో పోల్చండి. గుర్తు దగ్గరే ఉంటే కదలండి. వేలెడు తగ్గి ఉంటే ఎక్కడో కారుతోంది. కారు కింద తడి, గొట్టాల కీళ్ల దగ్గర ఎండిన తెల్లటి లేదా రంగు మరకలు చూడండి. నింపేసి బయల్దేరిపోకుండా, ఆ పూట ఆగి బాగు చేయించుకునే కదలండి.